228 గ్రాముల గేర్ నాబ్

మెహదీపట్నం సిగ్నల్ పచ్చ పడింది. ఫస్ట్‌లో కదిలి, సెకండ్‌కి లాగాను. నాబ్ చేతికొచ్చింది. గేర్ రాడ్ ఉన్నచోటే ఉంది.

వెనక ఆర్టీసీ బస్సు హారన్ ఆపకుండా కొడుతోంది. ఆ కంగారులో ఊడొచ్చిన నాబ్‌ని పక్క సీట్లో ఉన్న బావమరిది చేతిలో పెట్టాను. వాడు దాన్ని గుళ్లో తీర్థం పట్టినట్టు దోసిట్లో పట్టుకుని కూర్చున్నాడు. నేను బోడి రాడ్డు పట్టుకుని సెకండ్ వేసి, ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల పక్కకి తీసి ఆపాను. అరచేతిలో రాడ్డు మర అచ్చు గుండ్రంగా పడింది. బావమరిది ఆ మాట ఇప్పటికీ ప్రతి ఫంక్షన్‌లో చెబుతాడు, ప్రతిసారీ బస్సు ఇంకొంచెం దగ్గరికొస్తుంది.

మాది 2002 మోడల్ హోండా సిటీ, 1.5 వీటెక్. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఈ ఒక్క మాట చాలు. లేనివాళ్లకి చెప్పాలంటే, ఆ రోజుల్లో మామూలు ఫ్యామిలీ కారు వేషంలో 106 హార్స్‌పవర్. 2003లో దాని స్థానంలో వచ్చిన సిటీకి ఉన్నది 77. అందుకే ఈ పాత బండి కోసం జనం ఇంకా వెతుకుతుంటారు. నేను 2019లో మారేడ్‌పల్లిలో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర కొన్నాను. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి రీ-రిజిస్ట్రేషన్, గ్రీన్ ట్యాక్స్. ఇంట్లో దాన్ని "ఆ ముసలిది" అంటారు. ఆదివారం తెల్లారుజామున అనంతగిరి గుట్ట మలుపుల్లో సెకండ్, థర్డ్ మధ్య అది చేసే చప్పుడు వాళ్లు వినలేదు, ఏం చేస్తాం.

కొన్నప్పుడు బండితో వచ్చిన నాబ్ మీద పై పూత జిగురుజిగురుగా తయారై ఉంది. చెయ్యి తీస్తే చిన్నగా చప్పుడొచ్చేది. మార్చాలి. ఎంత పని, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే సరి అనుకున్నాను. అలా తెప్పించిన నాబే మెహదీపట్నంలో ఊడొచ్చింది.

దాని గురించి రెండు మాటలు. "అన్ని కార్లకీ సరిపోతుంది" అని రాసి అమ్మే నాబ్ ఏ కారుకీ సరిగ్గా సరిపోదు. లోపల మర ఉండదు. ఒక ప్లాస్టిక్ గొట్టం ఇస్తారు, దాన్ని రాడ్డుకి తొడిగి, మూడు వైపుల నుంచి తల లేని చిన్న స్క్రూలు, గ్రబ్ స్క్రూలంటారు, బిగించాలి. వేసిన రోజు బాగానే ఉంటుంది. ఆ స్క్రూలు రోజూ కొంచెం కొంచెం ప్లాస్టిక్‌ని కొరుక్కుంటూ పోతాయి. వారానికి నాబ్ పిల్లల పాల పన్నులా ఊగుతుంది. ఇంకో గొడవ, దాని నెత్తిన ఆరు గేర్ల బొమ్మ ఉంది, రివర్స్ ఫస్ట్ పక్కన ఎడమవైపు. నా బండికి ఉన్నవి ఐదు, రివర్స్ కుడివైపు కింద, ఐదో గేర్ అడుగున. కొంపల్లిలో ఒక పెళ్లికి వెళ్లి ఫంక్షన్ హాల్లో బండ్లు పార్క్ చేసిపెట్టే వ్యాలే కుర్రాడికి తాళం ఇచ్చాను. పాపం వాడు ఆ బొమ్మని నమ్మాడు. రివర్స్ అనుకుని ఫస్ట్ వేసి, వెనక్కి పోవాల్సిన బండిని ముందున్న పూలకుండీ దాకా తీసుకెళ్లాడు. కుండీకి ఏం కాలేదు. వాడి మొహం చూసి నాకే సిగ్గేసింది.

ఊడిన నాబ్ పట్టుకుని మా మెకానిక్ భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన నాబ్ వంక చూడనే లేదు. బోడి రాడ్డుని రెండు వేళ్లతో పట్టుకుని గేర్‌లో ఉండగానే అటూ ఇటూ ఊపాడు. గంటలో నాలుకలా ఊగింది.

"ముందు కింద బుష్‌లు మార్చు భాయ్, టోపీ తర్వాత పెడుదువు" అన్నాడు.

రాడ్డుని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజీలో ఉండే రబ్బరు, ప్లాస్టిక్ బుష్‌లు ఇరవై ఏళ్లకి అరిగిపోయి ఉన్నాయి. అవి మార్చి, గేర్ ఆయిల్ కొత్తది పోశాడు. నేను మూడు నెలలుగా నాబ్ వల్ల పోతుందనుకున్న బద్ధకం, ఆ పట్టీపట్టనట్టు గేర్ పడటం, అందులో ముప్పాతిక భాగం అక్కడే పోయింది. పాత బండికి నాబ్ కొనాలనుకునేవాళ్లు ఈ పని ముందు చేయించుకోండి. నేను వెనక నుంచి ముందుకి నడిచాను.

భాయ్ ఇంకోటి కూడా చేశాడు. డబ్బాలోంచి ఒక మామూలు నట్టు తీసి రాడ్డు మీద వేలితో తిప్పాడు. నూనె రాసినట్టు దిగిపోయింది. పది ఎంఎం మర, పిచ్, అంటే మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, ఒకటిన్నర ఎంఎం. హోండాలకి ఉండేది అదే. రాణిగంజ్‌లో ఏ బోల్టుల కొట్టులో అడిగినా పది నంబరు నట్టు అని ఇచ్చేది కూడా అదే పిచ్. నిస్సాన్, మిత్సుబిషి, మాజ్డాలకి లావు ఇదే అయినా పిచ్ ఒకటింపావు, టొయోటాలకి పన్నెండు ఎంఎం, పిచ్ మళ్లీ ఒకటింపావు. ఒకటింపావు పిచ్ నాబ్‌ని హోండా రాడ్డు మీద పెడితే ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. అక్కడే ఆపేయాలి. "పట్టింది, ఇంకొంచెం బలంగా తిప్పుదాం" అనుకుంటే రాడ్డు మర పోతుంది, నాబ్‌తో పోయేది కాస్తా బండి కిందికి దూరే పని అవుతుంది. వోక్స్‌వ్యాగన్ పోలో లాంటివాటికి అసలు మరే ఉండదు, నొక్కి క్లిప్పుతో పట్టించడమే. కొనేముందు పాత నాబ్ విప్పి చూసుకోవడం ఐదు నిమిషాల పని.

రెండో నాబ్ అమెరికా నుంచి వచ్చింది. మా చిన్ననాటి స్నేహితుడు వస్తుంటే తెమ్మన్నాను. స్టెయిన్‌లెస్ స్టీల్ బంతి, అద్దంలా మెరుస్తూ, అర కిలో. వాడి సూట్‌కేసులో అదేంటని ఎయిర్‌పోర్టులో రెండుసార్లు తీసి చూశారట.

బరువు నాబ్ ఎందుకు అంటే, మా నాయనమ్మ రోకలి గుర్తు తెచ్చుకుంటే చాలు. తేలిక రోకలితో దంచితే పనంతా చేతిదే. బరువు రోకలి అయితే కదిలించడం వరకే మన వంతు, మిగతాది దాని ఊపే చూసుకుంటుంది. గేర్ కూడా అంతే. రాడ్డు న్యూట్రల్ దాటి, గేర్ల వేగాలు కలిపే సింక్రో దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది కదా, అక్కడ నాబ్ బరువు దాన్ని ముందుకి తోస్తూనే ఉంటుంది. చేతికి ఆ మెట్టు తగలదు. స్టీల్ బంతి పెట్టిన మొదటి రోజు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, అవసరం ఉన్నా లేకపోయినా గేర్లు మార్చుకుంటూ పోయాను. రెండు వేళ్లతో తోస్తే చాలు, అదే వెళ్లి కూర్చుంటోంది.

అయితే బరువే అన్నిటికీ మందు అని ఎవరైనా అంటే నమ్మకండి. పోర్షే 917 రేసు కారులో నాబ్ బాల్సా చెక్కతో చేశారు, కొన్ని గ్రాములు తగ్గుతాయని. మన నిర్మల్ బొమ్మల పొణికి చెక్క ఎంత తేలికో తెలుసుగా, ఆ జాతి వ్యవహారం. ఆ గుర్తుగానే తర్వాత పోర్షే కరెరా జీటీలో కూడా చెక్క నాబ్ పెట్టారు. హోండా వాళ్లే 1992 ఎన్‌ఎస్‌ఎక్స్-ఆర్‌లో, 1995 ఇంటెగ్రా టైప్ ఆర్‌లో టైటానియం నాబ్ ఇచ్చారు. టైటానియం స్టీల్‌లో దాదాపు సగం బరువే. అదే కంపెనీ 2020 సివిక్ టైప్ ఆర్‌కి వచ్చేసరికి నాబ్‌ని కన్నీటి బొట్టు ఆకారానికి మార్చి, లోపల 90 గ్రాముల బరువు ముక్క పెట్టింది. 90 గ్రాములు. అర కిలో కాదు. ఆ లెక్క నా బుర్రలో అప్పుడే పడి ఉంటే బాగుండేది.

ఎందుకంటే మే నెల వచ్చింది.

నేను జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పార్కింగ్‌లో నీడ మేనేజర్లకి. జనరల్ షిఫ్టు అయి మధ్యాహ్నం ఎప్పుడైనా త్వరగా బయటపడితే బండి కుంపటిలా ఉంటుంది. ఆ రోజు మూడింటికి ఎక్కి, అలవాటుగా నాబ్ మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి వేసినట్టే తీశాను. పొయ్యి మీద గిన్నెని గుడ్డ లేకుండా దింపబోయినట్టు. సీటు కూడా అంతే వేడిగా ఉండొచ్చు, కానీ లోహం తన వేడినంతా ఒక్కసారిగా చేతికి అప్పజెప్పేస్తుంది, అరకిలో లోహం దగ్గర ఇవ్వడానికి చాలా ఉంటుంది. ఏసీ వేసినా బాలానగర్ ఫ్లైఓవర్ దాటేదాకా చల్లబడలేదు. నెలరోజులు దానికి మా అబ్బాయి పాత సాక్సు తొడిగి నడిపాను. ఏనుగుల బొమ్మ సాక్సు. వీటెక్ బండి, అమెరికా నాబ్, ఏనుగుల సాక్సు.

చలికాలంలో తిరిగి దాన్ని ప్రేమించొచ్చు కదా అంటారేమో. ట్రాఫిక్‌లో ఇంకో సంగతి తెలిసింది. మూసాపేట నుంచి జీడిమెట్లకి ఒక ఉదయం ఎన్నిసార్లు గేర్ మారుస్తున్నానో లెక్కపెట్టాను. నర్సాపూర్ చౌరస్తాకే తొంభై దాటింది. అన్నీ ఫస్ట్, సెకండ్, మళ్లీ ఫస్ట్. ఊపు అందుకునే దూరం ఎక్కడిది? అక్కడ అర కిలో అంటే ఊరికే మోస్తున్న బరువు. పైగా మెరిసే గుండ్రటి బంతి మీద చెమట చెయ్యి జారుతుంది. చెయ్యి దాని మీదే పెట్టుకుని కూర్చునే అలవాటు కూడా అప్పుడే వచ్చింది, భాయ్ చూసి తిట్టాడు. అలా ఆనించి ఉంచితే లోపల గేర్లని జరిపే సెలెక్టర్ ఫోర్క్ అరుగుతుంది, చేతికి స్టీరింగ్ లేదా అన్నాడు.

సరే, చేయించుకుందాం అనిపించింది. చెక్క మొదట మనసులోకి వచ్చింది. ఏటికొప్పాక లక్క బొంగరం చూసినప్పుడల్లా ఇది గేర్ రాడ్డు మీద ఎంత బాగుంటుందో అనుకునేవాణ్ణి, లేత్ మీద తిప్పి చేసేదే కాబట్టి నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కానీ లక్క అంటేనే వేడికి మెత్తబడేది. జీడిమెట్ల పార్కింగ్‌లో దాన్ని పెట్టి పరీక్షించే ధైర్యం లేకపోయింది. బిద్రీ పని చేయించమని మా ల్యాబ్‌లో ఒకాయన సలహా ఇచ్చాడు. నల్లటి జింకు మీద వెండి తీగ, చూడ్డానికి నిజాం నవాబు కారులా ఉంటుంది. మళ్లీ లోహమే, మళ్లీ సాక్సు.

కాగితం మీద లెక్క వేశాను. 50 మిల్లీమీటర్ల బంతి అంటే 65 సీసీ చిల్లర. ఇత్తడి అయితే 550 గ్రాములు, అల్యూమినియం అయితే 180 లోపు, డెల్రిన్ ప్లాస్టిక్ అయితే 90 దాకా, టేకు అయితే 40 పైచిలుకు. నాకు కావాల్సింది రెండు వందల పైన, పట్టుకునే వైపు లోహం తగలకూడదు. అంటే లోపల ఇత్తడి, బయట డెల్రిన్. గింజ లోపల, గుజ్జు బయట, మామిడిపండులా.

ఆకారం కోసం అమ్మని చపాతీ పిండి ముద్ద అడిగాను. ఎందుకో చెప్పాక ఇవ్వనంది. రాత్రి మిగిలిన పిండి ఫ్రిజ్‌లోంచి తీసుకెళ్లి, రాడ్డు మీద గుచ్చి, కళ్లు మూసుకుని సెకండ్, థర్డ్ వేసినట్టు పట్టుకున్నాను. ఇది మీరూ చేయొచ్చు, ఫోటోలు చూసి కొనడం కన్నా నయం. నేను నాబ్‌ని పైనుంచి పట్టుకుంటాననుకునేవాణ్ణి. పిండి మీద అచ్చు వేరేగా చెప్పింది, అరచేయి పైన ఆనుతోంది గానీ పని చేస్తున్నవి పక్కనున్న బొటనవేలు, చూపుడువేలి మొదలు. కొలిస్తే పైన వెడల్పు 50, కింద 36. కోడిగుడ్డు పెద్దవైపు పైకి పెట్టి నిలబెట్టినట్టు. ఎత్తు కూడా అప్పుడే తేల్చుకున్నాను, కంపెనీ నాబ్ కన్నా ఒక సెంటీమీటరు తక్కువ. పొట్టిదైతే చెయ్యి తిరిగే దూరం తగ్గుతుంది, బలం కొంచెం ఎక్కువ పెట్టాలి. బోరింగు కొట్టినవాళ్లకి తెలుసు, పొడుగు పిడి అయితే తేలికే గానీ చెయ్యి భూమికీ ఆకాశానికీ తిరగాలి.

రాణిగంజ్‌లో ఇత్తడి రాడ్డు పాతిక ఎంఎం లావుది, తెల్ల డెల్రిన్ రాడ్డు 55 ఎంఎంది కిలోల లెక్కన కోయించుకుని, బాలానగర్ సందుల్లో ఒక లేత్ షాపుకి వెళ్లాను. ఆ సందుల్లో ఒక్కో షట్టర్ వెనక ఒక్కో లేత్ ఉంటుంది, ఫ్యాక్టరీలకి పార్టులు చేసేవాళ్లు. ఒక్క ముక్క అంటే ఇద్దరు తల అడ్డంగా ఊపారు. మూడో ఆయన నా కాగితం తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదకి తోసి చూశాడు.

"గిదేంది సార్, బొంగరమా?"

"గేర్ నాబ్ అన్నా."

"గేర్ మీద పెట్టెడిదా? లోపల ఇత్తడెందుకు?"

బరువు కోసం అన్నాను. ఆయన ఇత్తడి ముక్కని అరచేతిలో ఎగరేసి పట్టుకుని, రైటే అన్నట్టు తలూపాడు. అంటించడానికి ఏ గమ్ము వాడదామని అడిగితే నవ్వాడు. "డెల్రిన్‌కు గమ్ము పట్టదు సార్. ఏది పోసినా ఊడొస్తది. టైట్‌గ గుద్దుతా."

ఇత్తడి మీద పట్టు కోసం గరుకు గీతలు (నర్లింగ్) పెట్టి, డెల్రిన్‌లో చిల్లు అంతకన్నా ఒక వెంట్రుకవాసి తక్కువ పెట్టి, ప్రెస్‌లో దించాడు. అది జనవరి. ఏప్రిల్ ఆఖరుకి నాబ్ నా చేతిలో చిన్నగా తిరగడం మొదలైంది. ఇత్తడి గట్టిగానే ఉంది, దాని చుట్టూ డెల్రిన్ గిరగిరా తిరుగుతోంది. నేనే ఆలోచించుకోవాల్సింది. వేడికి డెల్రిన్ ఇత్తడి కన్నా ఐదారు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఎండకి చిల్లు పెద్దదై పట్టు వదిలేసింది. రోజంతా ల్యాబ్‌లో ఉష్ణోగ్రతలు రాసుకునే మనిషిని.

మళ్లీ వెళ్లాను. ఆయన నొచ్చుకున్నాడు, డబ్బులు వద్దన్నాడు. ఈసారి ఇత్తడి ముక్క బయట మర కోశాడు, డెల్రిన్ లోపల కూడా మర కోశాడు, రెంటినీ బిగించాడు. ఆ తర్వాత చేసిన పని నేను పక్కనే నిలబడి చూశాను. ముక్కని బోర్లా తిప్పి, ఇత్తడి, డెల్రిన్ కలిసే గీత మీద సరిగ్గా పంచ్ కొట్టి, అక్కడ చిన్న డ్రిల్లు దింపాడు. చిల్లు సగం ఇత్తడిలో, సగం డెల్రిన్‌లో. బిట్ మెత్తటివైపు పారిపోకుండా బొటనవేలితో ముక్కని అటు నొక్కి పట్టుకున్నాడు. తెల్లటి డెల్రిన్ చుట్ట, బంగారు రంగు ఇత్తడి పొడి కలిసి ఒకే చిల్లులోంచి పైకొచ్చాయి. అందులో మర కోసి, చిన్న గ్రబ్ స్క్రూ దించి, "ఇగ తిర్గమను" అన్నాడు. రెంటి మధ్యా తాళం పడింది. అది తిరగాలంటే స్క్రూ తెగాలి.

మధ్యలో రాడ్డు కోసం ఎనిమిదిన్నర డ్రిల్లు, ఆ తర్వాత లోపల మర కోసే పది ఎంఎం ట్యాప్. చిల్లు అడుగు మూసి ఉంది కాబట్టి సెట్టులోని మూడు ట్యాపులూ వరసగా దించాలి. చివరి ట్యాప్ దించకపోతే అడుగున మర సగమే పడి నాబ్ ఎత్తుగా ఆగిపోతుంది. కింద ఒక లాక్ నట్టు వేసుకున్నాను, అదే భాయ్ డబ్బాలోది.

ల్యాబ్‌లో మిల్లీగ్రాముల తక్కెడ ఉంది గానీ సొంత వస్తువు దాని మీద పెడితే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాలి. ఇంట్లో వంటింటి కాటా మీద పెట్టాను, 228 చూపించింది.

రెండు ఎండాకాలాలు అయ్యాయి. మూడింటికి బండెక్కితే స్టీరింగ్ కాలుతుంది, సీటు కాలుతుంది, నాబ్ గోరువెచ్చని టీ గ్లాసులా ఉంటుంది. తెలుపు కాబట్టి మరకలు పడతాయి, అనంతగిరి దారిలో మిర్చి బజ్జీ తిని తుడుచుకోని చేతి పసుపు ఒక పక్కన శాశ్వతంగా ఉండిపోయింది. గేర్ల బొమ్మ చెక్కించలేదు. వ్యాలే దగ్గర తాళం ఇచ్చేటప్పుడు "రివర్స్ కుడివైపు కిందకి బాబూ" అని నోటితో చెబుతాను.

స్టీల్ బంతి అమ్మేద్దామని మొన్న వెతికితే వంటింట్లో దొరికింది. అమ్మ దానికి చిల్లులో పొడుగాటి పది నంబరు బోల్టు బిగించి పిడిలా చేసుకుంది. ఎవరు బిగించారంటే, మా బావమరిది. అల్లం వెల్లుల్లికి చిన్న రోకలి కన్నా ఇదే బాగుందట, రెండు దెబ్బలకి అయిపోతోందట. అమెరికా సరుకు, ఐదు వేల దాకా పెట్టాను, ఇచ్చేయమన్నాను.

"మళ్లీ సాక్సు తొడుగుతావా దానికి?" అంది.